మన్ను తోడు

తెర తీయడానికి 52 రోజులు

నిన్న సాయంత్రం నేను గోడకు అబద్ధం చెప్పాను.

రోజూ దీపం పెట్టగానే, ఆఫీసు వాళ్ళు మాటలు నేర్పి పెట్టిన గోడ అడుగుతుంది. నారు ఎలా ఉంది, ఒంట్లో ఎలా ఉంది, చెప్పవలసిన సంగతులు ఏమైనా ఉన్నాయా అని. తొమ్మిదేళ్ళుగా దానికి జవాబు చెబుతూనే ఉన్నాను. నా గొంతు చిన్నది. "దయచేసి గట్టిగా చెప్పండి" అని అది రెండుసార్లయినా అనకుండా నా రోజు ముగియదు. నిన్న మాత్రం ఒక్కసారికే వినబడింది. "అంతా బాగుంది" అన్నాను. మంచిది అని ఊరుకుంది.

అంతా బాగాలేదు. మా వరసలో మూడో ఇల్లు సిద్దమ్మది. ఆమె పెట్టెలో టమోటా నారు మొన్న ఒక మూల పడింది, నిన్న ఇంకో మూల పడింది. ఆ తరువాత ఇంకో మూడు ఇళ్ళలో మొదలైంది. తెగులు అన్న మాట గోడ చెవిన పడితే మడుల ఆఫీసు వాళ్ళు వచ్చి పల్లెలో పెట్టెలన్నీ కాల్చేస్తారు. మూడేళ్ళ కిందట ఎగువ పల్లెలో అలాగే చేశారు. అందుకని నలభై రెండు ఇళ్ళ వాళ్ళమూ గోడలకు అంతా బాగుందనే చెబుతున్నాము. వాళ్ళు ఎలా చెబుతున్నారో కాని, నాకు రాత్రి అన్నం దిగలేదు.

ఇలాంటివి మునుపు అమ్మవారికి చెప్పుకునేదాన్ని. రెండు రోజులుగా చౌడమ్మ తల్లి పటం ముందు కూర్చుంటే మాట సగంలో తెగిపోతోంది. పదో తరగతి పరీక్ష తరువాత నేను సంతకాలకు తప్ప కలం పట్టలేదు. ఆ ఏడాదే ఎండ తగ్గించడానికి ఆకాశంలో తెర కట్టారు. పరీక్ష హాలులో నా ముందు బల్ల పిల్ల ఎండకు సొమ్మసిల్లి పడిపోవడం గుర్తుంది. మరుసటి ఏడు మా వాకిట్లో తొట్టి నీళ్ళు గడ్డకట్టడం కూడా గుర్తుంది. ఇప్పుడు మా ఆయన విత్తనాల పుస్తకంలో వెనక మిగిలిన తెల్ల కాగితాలు తీసుకొని కూర్చున్నాను. కాగితం గట్టిగా చెప్పమనదు. చెప్పిన దాన్ని ఎవరికీ చేరవేయదు.

తెర తీసి ఉంచేది ఏడాదికి నూరు రోజులు. ఆ ఎండలోనే టమోటా పూయాలి, కాయాలి, పండాలి, ముక్కలు కోసి ఎండబెట్టుకోవాలి. కాబట్టి తెర తీసేనాటికి నారు ఆరాకుల మీద ఉండాలి. అప్పటిదాకా బయట నేల బండలా ఉంటుంది గనుక ఇళ్ళల్లోనే, బల్బుల పందిరి కింద, చెక్కపెట్టెల్లో పోసుకుంటాము. ఆఫీసు వాళ్ళు ఇంటికి రెండు వందల గింజలు ఇస్తారు. పెట్టెలో పోసే మన్నును ముందు పొయ్యిల కొట్టంలో కాల్చమంటారు. కాలుస్తాము. కాని కాల్చిన మన్ను చచ్చిన మన్ను అని మా అత్త అనేది. "కాచిన పాలు వాటంతట అవే పేరుకుంటాయా?" అని అడిగేది. తెర రాకముందు మా తోటలో తవ్వి తెచ్చిన మన్ను ఆమె ఒక బానలో దాచింది. కాల్చిన మన్ను గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆ పాతమన్ను ఒక చెంచా కలిపి గుడ్డ కప్పేది. పాలకు తోడు వేసినట్టే. ఏటా నారు తీసేశాక బాగా వచ్చిన పెట్టెలోని మన్ను ఒక దోసెడు తిరిగి బానలో పోసేది. అత్త తరువాత ఆ బాన నాకు వచ్చింది. తోడు కావాలని పల్లె అంతా నా వాకిటికే వస్తుంది. అలివేలమ్మ చేత్తో వేస్తే రాయి మీద గింజ కూడా మొలుస్తుందని అంటారు. నేను తల వంచుకుంటాను. లోపల సంతోషంగానే ఉంటుంది. అది కూడా రాయాలి కదా.

పధ్నాలుగు రోజుల కిందట ఆ చేత్తోనే నలభై ఒక్క ఇళ్ళకు తోడు ఇచ్చాను.

తెర తీయడానికి 51 రోజులు

పొద్దున దీపం పెట్టి మునిలక్ష్మి ఇంటికి వెళ్ళాను. తక్కిన ఇళ్ళకు కాకుండా ఆమె ఇంటికే ముందు ఎందుకు పరుగెత్తానంటే, ఆమెది పోయినేడు తప్పిన ఇల్లు. ఆఫీసు వాళ్ళు లెక్కపెట్టే రోజున ఇంటికి నూరు మొక్కలు చూపించాలి. వరసగా రెండేళ్ళు తప్పితే మడి ఇంకొకరికి పోతుంది, ఆ ఇంటివాళ్ళు దిగువ బారకాసులకు పోవాలి. ఒక్కో కప్పు కింద నలభై మంచాలు, పొగ కుంపట్లు. మునిలక్ష్మి నాన్న గురవప్పకు ఉబ్బసం. అక్కడ ఆయన ఒక్క చలికాలం కూడా దాటడు.

నేను వెళ్ళేసరికి గురవప్ప పొయ్యి దగ్గర గొంగడి కప్పుకొని ఉన్నాడు.

"రామ్మా అలివేలమ్మా. మా పాప చూడు, మొగుడు తెర పనికి పోయినాక ఆ పెట్టెతోనే కాపురం చేస్తా ఉండాది. పొద్దున లేస్తానే దాని మొగమే చూస్తాది."

"నాయనా, నువ్వు నోరు మూసుకొని ఆవిరి పట్టు" అంది మునిలక్ష్మి. నన్ను చెయ్యి పట్టుకొని పందిరి కిందికి లాక్కుపోయింది. "లెక్కపెట్టినా అత్తా. నూట ఎనభై ఆరు. నువ్వు చెప్పినట్టే చేసినా. మన్ను గోరువెచ్చగా ఉండంగానే తోడేసి గుడ్డ కప్పినా. పోయినేడే నీ మాట వినింటే ఈ తిప్పలు ఉండేవి కాదు."

పోయినేడు ఆమె తోడు వద్దంది. "మన్నుకు తోడేందత్తా, అదేమన్నా పెరుగా?" అని నవ్వింది. చలి ముదిరిన వారంలో వాళ్ళ ఒక్క ఇంటికి మూడు రోజులు కరెంటు పోయి నారు చచ్చిపోయింది. తోడు వేసుకోక పోయిందని పల్లె అంది. నేను కూడా అన్నాను. ఈ ఏడు నేనే ఆమె ఇంటికి నాలుగుసార్లు వెళ్ళి కూర్చొని ఒప్పించాను.

మొక్కలు బాగున్నాయి. రెండేసి ఆకులతో నిటారుగా ఉన్నాయి. వంగి కాడల మొదళ్ళు చూశాను. ఒక మూల రెండు మూడు కాడలు మన్నును తాకే చోట తడిసిన దారంలా సన్నబడ్డాయనిపించింది. నా కళ్ళు సరిగా లేవేమో అనుకున్నాను. గోడ వింటూ ఉంది. మునిలక్ష్మి భుజం తట్టి వచ్చేశాను.

తెర తీయడానికి 50 రోజులు

ఇవాళ్టికి పదకొండు ఇళ్ళు.

మధ్యాహ్నం సిద్దమ్మ గిన్నె పట్టుకొని వచ్చింది. నా పందిరి కింద నిలబడి చూసింది. నా పెట్టెలో నూట డెబ్బై మూడు మొక్కలు. ఒక్కటి కూడా వంగలేదు. ఏమీ అనకుండా నన్ను వాకిట్లోకి తీసుకుపోయి అప్పుడు నోరు తెరిచింది.

"నా నారు రెండు మూలలా కత్తెరతో దారాలు కత్తిరించి పడేసినట్టుండాది. నీది చూస్తే కొత్త పెళ్ళికూతురు మాదిరి నిలబడుండాది. అమ్మవారు నీ చేతిలోనే కూర్చోనుండాది లే అక్కా. ఇంగొక చెంచా తోడియ్యి. మళ్ళా కలుపుకుంటా."

"రేపిస్తాను సిద్దమ్మా."

"రేపా? రేపటికి నా పెట్టెలో మన్నే ఉంటాది, తోడు దేంట్లో వేసేది?"

"బాన లోపలెక్కడో ఉంది. తీయాలి" అన్నాను. బాన తలుపు వెనకే ఉంది. గోడకు చెప్పేది ఒకటి, ఇది రెండో అబద్ధం.

ఆమె వెళ్ళాక పెట్టె ముందు కూర్చున్నాను. నాది ఎందుకు నిలబడింది? అమ్మవారి దయ అనుకోబోయాను. అనుకోలేకపోయాను. బాన ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయకూడదని, అడుగున ఒక పిడికెడు ఉంచాలని మా అత్త నియమం. ఈ ఏడు నలభై ఒక్క ఇళ్ళకు ఇచ్చేసరికి ఆ పిడికెడే మిగిలింది. అందుకని నా పెట్టెకు వేసుకోలేదు. ఉట్టి కాల్చిన మన్నులోనే గింజ పెట్టాను. పల్లె మొత్తంలో తోడు పడని పెట్టె నాది ఒక్కటే.

లేచి బాన మూత తీశాను.

వాసన ముక్కుకు కొట్టింది. పాతమన్ను వాసన నాకు తెలుసు, తొలకరి వాసన అది. ఇది కుళ్ళిన ఆకుకూర వాసన. వేలితో కదిపితే నల్లబడిన పూరేకులు, వాటి చుట్టూ దూది పింజెలా తెల్లటి బూజు. తోడు ఇచ్చిన రోజున చలికి బిగిసిన మన్నుకు ఈ వాసన లేదు.

ఆ పూలు నేను పెట్టినవే. అమ్మవారికి పెట్టి తీసిన పూలను ఎప్పుడూ వంకలో, పారే నీళ్ళలో వదిలేదాన్ని. ఈ ఏడు కార్తీకం నుంచే వంక గడ్డకట్టింది. ఇంట్లో చెత్త నలిపే మిషన్ ఉంది, కాని అందులో అన్నం మెతుకులు, ఉల్లిపొట్టు పడతాయి. తల్లి పాదాల మీద నుంచి తీసిన పూలను అందులో ఎలా వేయను? ఎవరి కాలూ తగలని చోటు కావాలి. ఇంట్లో ఆ బాన కంటే పవిత్రమైన చోటు నాకు కనబడలేదు. మూడు నెలల పాటు ప్రతి శుక్రవారం చామంతులు అందులో పూడ్చాను. పూడ్చి దండం కూడా పెట్టుకున్నాను.

తెర తీయడానికి 49 రోజులు

వెంటనే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

ఖాయంగా తెలియకుండా పల్లెను ఎందుకు భయపెట్టాలి అని నాకు నేనే చెప్పుకున్నాను. నా పెట్టెలో నుంచి పది మొక్కలు తీసి ఒక గిన్నెలో పెట్టాను. ఆ మన్నులో బాన అడుగు మన్ను ఒక చెంచా కలిపాను. రెండు మూడు రోజులు చూద్దాం, అవి నిలబడితే తప్పు నాది కాదు. ఇలా అనుకుంటే కాస్త ఊపిరి ఆడింది.

ఇల్లు మూడుసార్లు ఊడ్చాను. జపమాల తిప్పుతుంటే లెక్క తప్పి మళ్ళీ మొదటికి వచ్చాను, మళ్ళీ తప్పింది. గిన్నె చూడడం, వాకిట్లోకి రావడం, ఎవరైనా వస్తున్నారేమోనని లోపలికి పోవడం. సిద్దమ్మ కూతురితో గిన్నె పంపింది. నాకు జ్వరమని చెప్పి పంపాను. మూడో అబద్ధం. ఇక లెక్క రాయను.

తెర తీయడానికి 47 రోజులు

గిన్నెలో పదింటిలో ఎనిమిది పడ్డాయి. కాడలు మన్ను దగ్గర నీళ్ళలా మెత్తబడి, పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉండి, పక్కకు ఒరిగాయి. అవి పడినా చాలాసేపు పచ్చగానే ఉంటాయి. చూడలేక గుడ్డ కప్పాను.

ఇరవై ఆరు ఇళ్ళంట.

అమ్మవారి ముందు దీపం వెలిగించాను కాని పువ్వు పెట్టలేదు. చామంతి నా చేతిలోనే ఉండిపోయింది. తల్లీ, నీ కోసమే కదా చేశాను అని అడుగుదామనుకున్నాను. ఆ మాట నోటి దాకా వచ్చాక నాకే సిగ్గేసింది. ఆమె నన్ను పూలు అక్కడ పెట్టమని అడిగిందా? మూడు రోజులు దాచమని అడిగిందా?

తెర తీయడానికి 46 రోజులు

తెల్లవారగానే మునిలక్ష్మి గడప దగ్గర నిలబడి ఉంది. లోపలికి రాలేదు. గోడకు వినబడకుండా పెదాలతోనే "పడినాయత్తా" అంది. నూట ఎనభై ఆరులో గట్టిగా నిలబడినవి నలభై లోపే ఉన్నాయట. "తోడు ఇంగొంచెం వేస్తే లేస్తాయా?"

"వేయొద్దు" అన్నాను. "ఒక్క చెంచా కూడా వేయొద్దు. ఇంటికి పోయి నాయన దగ్గర ఉండు. నేను వస్తాను."

బాన చంకన పెట్టుకొని పొయ్యిల కొట్టానికి వెళ్ళాను. అక్కడ మాట వినే గోడ లేదు. మన్ను కాల్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు. నన్ను చూడగానే గిన్నెలు పట్టుకొని లేచారు.

తోడు చెడిపోయిందని చెప్పాను. పూల సంగతి చెప్పాను. నాలుగు మాటలు చెప్పేసరికి గొంతు ఆగిపోయింది. వెనక ఉన్నవాళ్ళకు వినబడలేదు. "ఏమంటాది? ఏమంటాది?" అని అడుగుతున్నారు. ముందున్న సిద్దమ్మ తిరిగి వాళ్ళకు చెప్పింది.

"మనకియ్యడానికి మనసు రాలేదంట. చెడిపోయిందంటాది."

"నేను అలా అనలేదు సిద్దమ్మా."

"మరెట్లన్నావు? అమ్మవారి పూలు పడితే మన్ను చెడిపోతాదా? ఏ పురాణంలో ఉండాదక్కా అది? నీ పెట్టెలో మొక్క నిలబడుండాది, మా పెట్టెల్లో పడిపోయినాయి. నువ్వు నీకు మంచిది తీసుకొని మాకు అడుగుమన్ను ఇచ్చినావా, లేదా? ఆ ఒక్క మాట చెప్పు."

"నా పెట్టెకు తోడే వేసుకోలేదు."

"ఇంటిరా! తోడు లేకుండా ఆమెకు మాత్రం మొలుస్తాదంట!"

ఎవరో నవ్వారు. ఇంకెవరో "జ్వరమొచ్చింది గదా, దానికే ఏందేందో మాట్లాడతాది" అన్నారు. అంతలో ఒకామె చెయ్యి బాన మూత మీద పడింది. ఆ తరువాత ఇంకొక చెయ్యి. తోడు వాళ్ళకు కావాలి. ఉన్నది ఒక్క పిడికెడు, అయినా పదిహేను మంది చెంచాలతో పంచుకుంటారు, ఇంటికి తీసుకుపోయి బతికి ఉన్న మొక్కల మొదట్లో పోస్తారు. నా గొంతు వాళ్ళ కంటే పైకి లేవదు. ఎప్పుడూ లేవలేదు.

బానను అలాగే పొయ్యిలోకి తోసి తలుపు వేసి గడియ పెట్టాను.

సిద్దమ్మ గుండెలు బాదుకుంది. ముప్పై ఏళ్ళ మన్ను అది. తెర రాకముందు మా అత్త తవ్విన మన్ను. లోపల బాన పగిలిన చప్పుడు అందరికీ వినబడింది. నేను పొయ్యి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. రవిక వెనక కాలుతున్నా కదలలేదు.

"నిలబడిన మొక్కలను ఇవాళే ఉట్టి కాల్చిన మన్నులోకి మార్చుకోండి" అన్నాను. ఆ మాట మాత్రం మూడుసార్లు చెప్పాను.

"మారుస్తాం లే" అంది సిద్దమ్మ. "నీ తోడు లేకుండానే పండించి చూపిస్తాం. పిసినారిదానా!"

ఆమె నన్ను ఇరవై రెండేళ్ళుగా అక్కా అని పిలిచింది.

తెర తీయడానికి 45 రోజులు

నిన్న మునిలక్ష్మి ఇంటికి పోతానని చెప్పి పోలేకపోయాను. వీపు మీద బొబ్బలు లేచాయి. అది సాకు కాదు, కాని సాకుగా పనికి వచ్చింది. ఇవాళ ఆమెను వంక దగ్గరికి రమ్మన్నాను.

కొట్టంలో జరిగింది ఆమె విని ఉంది. అయినా నా నోటితో మొత్తం చెప్పాను. ఆమె కాలి మడమతో గడ్డకట్టిన నీళ్ళను కొడుతూ వింది.

"ఎన్ని దినాలైంది నీకు తెలిసి?"

"నిన్నటికి నాలుగు రోజులు. మొన్న ఖాయమైంది. అనుమానం ముందే ఉంది."

"నాలుగు దినాలా!" ఆమె కొట్టడం ఆపింది. "నాలుగు దినాల ముందు నా పెట్టెలో నూట ఎనభై పైనే ఉండె గదత్తా. ఆ పొద్దే చెప్పింటే ఎత్తి వేరే మన్నులో పెట్టుకోనుందును. పూలు తెలీక పెట్టినావు. దాన్ని నేను ఏమీ అనను. ఈ నాలుగు దినాలు తెలిసే గదా దాచినావు?"

"తెలిసే."

"నాలుగుసార్లు నా ఇంటికొచ్చి పెరుగు కథ చెప్పి ఒప్పిచ్చినావే, అప్పుడు నీ గొంతు బాగనే లేచింది!"

నా పెట్టెలో నూట అరవై మూడు ఉన్నాయని చెప్పి, ఆమెకు ఎన్ని మిగిలాయని అడిగాను. ముప్పై ఒకటి అంది. అప్పుడు ఆమెకు అర్థమై తల అడ్డంగా ఊపింది. ఒక ఇంటి నారు ఇంకో ఇంటికి చేర్చితే ఆఫీసు రెండు మడులూ లాక్కుంటుంది. తెగులు పాకుతుందని ఆ రూలు పెట్టారు. మంచి రూలే.

"నీది తప్పుతాది గదా."

"నాకిది మొదటిసారి. మొదటిసారి తప్పితే మడి పోదు."

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "రెండూ కలిపితే నూట తొంభై నాలుగు. ఇద్దరికీ నూరు నూరు కావల్ల. ఆరే తక్కువ."

"పరీక్షకని నేను పది చంపాను" అన్నాను.

ఆమె మడిచిన వేళ్ళు విప్పేసింది. ఏమైనా తిట్టి ఉంటే బాగుండేది.

తెర తీయడానికి 44 రోజులు

డెబ్బై రెండు మొక్కలను తడిగుడ్డలో చుట్టి, ప్రసాదం పళ్ళెంలో పెట్టి, పైన పట్టుగుడ్డ కప్పాను. పళ్ళెం చూసినవాళ్ళు ఏమనుకుంటారో తెలిసే అలా చేశాను. దారిలో సిద్దమ్మ ఎదురైంది. నా ముఖం చూడలేదు. కాని పళ్ళేన్ని చూడగానే చెయ్యి అలవాటుగా లేచింది, కళ్ళకు అద్దుకొని పక్కకు తప్పుకుంది. ఆ నాలుగు అడుగులు నేను ఎలా వేశానో చౌడమ్మ తల్లికే తెలియాలి.

మునిలక్ష్మి కొత్తగా కాల్చిన మన్ను పోసి ఉంచింది. మేము మాట్లాడుకోకూడదు, గోడ వింటుంది. ఆమె చెంచా కాడతో గుంట చేస్తే నేను మొక్కను దించాను. కాడను ముట్టుకోకూడదు, ఆకు పట్టుకోవాలి. ఆకు చినిగినా ఇంకొకటి వస్తుంది, కాడ నలిగితే అంతే. మూడు గంటల పని. చప్పుడు వినబడకుండా గురవప్ప గొంతెత్తి పద్యాలు పాడాడు. నడుమ నడుమ దగ్గు.

"మీకు ఆయాసం ఎక్కువగా ఉంది. డాక్టరును పిలవమంటారా?" అంది గోడ.

"పిలువు తల్లీ, పిలువు. ఆయప్ప వచ్చేలోపల ఇంగో రెండు పద్యాలు అయితాయి."

మునిలక్ష్మికి నవ్వు వచ్చింది. మోచేత్తో నోరు మూసుకుంది. నవ్వు ఏడుపయింది. నేను ఆమె వైపు చూడకుండా మొక్కలు దించుతూ పోయాను. వచ్చేటప్పుడు గురవప్ప నా రెండు చేతులూ పట్టుకున్నాడు. విడిపించుకొని వచ్చాను. ఆయన చేత దండం పెట్టించుకునే అర్హత నాకు లేదు.

తెర తీయడానికి 20 రోజులు

ఇన్ని రోజులూ రాయడానికి చెయ్యి రాలేదు. పొద్దున, సాయంత్రం నా పెట్టె లెక్కపెట్టడం, తొంభై ఒకటిలో ఒకటి పోయింది, మిగతాసేపంతా మునిలక్ష్మి పెట్టె తలచుకోవడం. అక్కడికి పోకూడదు. పోతే ఎవరైనా చూస్తారు. పోకపోతే కాళ్ళు నిలవవు.

ఇవాళ లెక్క. సూపర్‌వైజర్ హరినాథ్ పొద్దున్నే వచ్చాడు. నా పెట్టె మీద లెక్కలద్దం తిప్పి, నమ్మకం లేక మళ్ళీ తిప్పాడు.

"తొంభై. అలివేలమ్మగారూ, మీ ఇంట్లో తప్పిందా?"

"తప్పింది సార్."

"గట్టిగా చెప్పాలమ్మా, రికార్డు కావాలి."

"తప్పింది సార్."

వాకిట్లో సిద్దమ్మ అందరికీ వినబడేటట్టే అంది. "మాకు లేకుండా కాల్చింది గదా. ఊరికే పోతాదా?"

ఆయన మునిలక్ష్మి ఇంటికి వెళ్ళినప్పుడు నలుగురితో పాటు నేను కూడా గడప బయట నిలబడ్డాను. అద్దం తిప్పాడు. నూటా ఒకటి. రెండు చచ్చిపోయాయన్నమాట. రాసుకోబోయి ఆగి వంగి చూశాడు.

"ఇవి ఒకచోట నుంచి పీకి పెట్టిన మొక్కల్లా ఉన్నాయే?"

నేను తలుపు రెక్క పట్టుకున్నాను.

"ఔ సార్, మార్చినా" అంది మునిలక్ష్మి. "నారు బలహీనంగా ఉంటే కాల్చిన మన్నులోకి మార్చమని మీ పుస్తకంలోనే ఉండాది గదా. నలభై మూడో పేజీ. తెమ్మంటారా?"

"పుస్తకం చదివే ఇల్లు ఒకటైనా ఉంది" అని ఆయన నవ్వి గీత గీశాడు. పొయ్యి దగ్గర గురవప్ప గొంగడి ముఖం మీదికి లాక్కున్నాడు.

పల్లెలో పంతొమ్మిది ఇళ్ళు తప్పాయి. అందరికీ మొదటిసారే, ఎవరి మడీ పోలేదు. కోపంతో ఆ రోజే మొక్కలు మార్చుకున్నవాళ్ళు గట్టెక్కారు, సిద్దమ్మతో సహా. ఆమెకు నూట పన్నెండు. నేను బాన మూత తీసిన రోజే నోరు కూడా తీసి ఉంటే తప్పినవి ఎన్ని ఉండేవో నాకు తెలియదు. పడుకుంటే ఆ లెక్కే వస్తుంది. ఐదా, పదా, ఒకటైనా ఉండేదా?

తెర తీయడానికి 18 రోజులు

మునిలక్ష్మి నా వేళ్ళ మీద సిరా చూసింది. ఏం రాస్తున్నావని వంక దగ్గర అడిగింది. చెప్పాను.

"ఇయ్యి నాకు. సిద్దమ్మకు చదివి వినిపిస్తా. నిన్ను పిసినారి అంటా ఉంటే నేను నోరు మూసుకొని ఉండలేను."

"ఉండాలి. ఇందులో డెబ్బై రెండు మొక్కల సంగతి కూడా ఉంది."

"అది కొట్టేసి మిగిలింది చూపిస్తా."

"ఒకటి కొట్టేయడం మొదలుపెడితే చివరికి ఏం మిగులుతుంది పాపా? మంచిదాన్ని, పూలు పెట్టి పొరబడ్డాను అని ఉంటుంది. నాలుగు రోజుల మాట ఎవరు చదువుతారు?"

ఆమె నాతో మునుపటిలా మాట్లాడడం లేదు. కాని పోతూ పోతూ, వీపు మీద ఇంకా మానని పుండ్లకు నాయన కషాయం పట్టు వేస్తానన్నాడని, రేపు ఇంటికి రమ్మని చెప్పింది.

పేరు పోయినందుకు బాధ లేదని రాయలేను. ఉంది. పొద్దున దీపం పెట్టేటప్పుడు వాకిట్లో గిన్నెల చప్పుడు లేదు. వచ్చే ఏడు నాది కూడా రెండోసారి తప్పకూడని ఇల్లు. తోడు లేదు, ఉట్టి కాల్చిన మన్నుతోనే వస్తుందని నా పెట్టె చెప్పింది కాని, నాకు ఇంకా గుబులుగానే ఉంది. అమ్మవారికి పూలు పెడుతున్నాను. తీసిన పూలను మూటకట్టి చూరుకు వేలాడదీస్తున్నాను. వంక కరిగాక వదులుతాను.

మునిలక్ష్మీ, ఈ కాగితాలు రేపు నీ చేతికే ఇస్తాను. మన్ను ఎలా చెడిందో ఎవరికో ఒకరికి తెలిసి ఉండాలి, అందుకని చింపవద్దు. నీ మడి ఉంది, నాయన ఉన్నాడు, అందుకని ఎవరికీ చూపించవద్దు. నేను పోయాక కూడా. పిసినారి అన్న పేరు నాకే ఉండనీ. ఏటా నువ్వు మన్ను కాల్చే రోజున మాత్రం ఒకసారి తీసి చదువుకో. పూల దగ్గర ఆగవద్దు. ఆ నాలుగు రోజుల దగ్గర ఆగి చదువు.